బాయిలరు మీద సొట్ట

ఏలూరులో లేత్ మిషన్ మీద పనిచేసే అబ్దుల్ జబ్బార్ మూడేళ్లు శ్రమపడి, తన తండ్రి షుగర్ మిల్లులో నడిపిన పాత ఆవిరి ఇంజనుకి ఇత్తడి నమూనా చేశాడు. చెరకు వేగన్ గుద్ది తండ్రి చెయ్యి నలిగిన రోజున బాయిలరుకి పడిన సొట్టని కూడా నమూనా మీద సరిగ్గా అదే చోట కొట్టాడు.

"ఎగ్జిబిషన్‌లో మీ పేరుతోనే పెడతానండీ" అని స్నేహితుడు గంగరాజు దాన్ని పట్టుకెళ్లాడు.

జబ్బార్ వెళ్లి చూస్తే అట్టమీద "తయారీ: గంగరాజు" అని ఉంది. బాయిలరు నున్నగా మెరుస్తోంది.

"సొట్ట ఉంటే ఏం బాగుంటుందండీ? సాపు చేయించాను" అన్నాడు గంగరాజు, సిగ్గులేకుండా నవ్వుతూ. ఆ సొట్ట కథ నూరుసార్లు విన్న మనిషి!

జబ్బార్ బాయిలరుని వేలితో తడిమాడు.

"పేరు మీరే ఉంచుకోండి. మా నాన్న సొట్ట నాకిచ్చేయండి."