అడుగు కోసేసిన పడవ

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో పెద్దాయన తన చేత్తో చేసుకున్న బుల్లి తెరచాప పడవలో ఒక్కడే సముద్రం మీదికి వెళ్లి, రాత్రి అందులోనే ముడుచుకుని పడుకుని, పొద్దున్నే టీ కాచుకుంటున్నాడు. చూడలేక ఫోను బోర్లించేశాను. నాకు సంతకం వరకే వచ్చు గనక నేను చెబుతుంటే ఇదంతా మనవరాలే రాస్తోంది.

మా ఆయన కాకినాడ వైపు మనిషి, ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసే వడ్రంగి. కెమెరాకి కనబడే వైపు మేడలా ఉంటే చాలు, వెనక వట్టి కర్రలే, అలాంటి గోడలు కట్టీ కట్టీ విసిగిపోయి, నాలుగు వైపులా నిజమైనది ఒక్కటి చెయ్యాలని, కృష్ణానగర్‌లో మా అద్దింటి వరండాలో మూడేళ్లు పని లేని రోజులన్నీ పెట్టి, ఒక మనిషి పడుకునేంత పడవ చేశారు. దాన్ని వాళ్ల ఊరి ఉప్పుటేట్లో దింపి, ఒంటరిగా ఒక్క రాత్రి నీళ్ల మీద పడుకోవాలన్నదే ఆయన కోరిక. నాకేమో అది దారికి అడ్డం. పక్కింటావిడ "ఏం పిన్నీ, మన సందుకి సముద్రం ఎప్పుడొస్తుందంట?" అన్నప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది.

ఆయన షూటింగుకి పొరుగూరు వెళ్లిన వారంలో ఏదో సినిమా సెట్టు మనిషి వచ్చి, "అక్కా, జర గీ పడవ ఇయ్యరాదు, రెండు దినాల్ల తెచ్చిస్తం" అన్నాడు. వరండా ఖాళీ అవుతుందన్న సంబరంలో తలూపేశాను. సెట్టు వడ్రంగి పెళ్లాన్ని, అక్కడ ఏ వస్తువునైనా కెమెరాకి తగ్గట్టు కోసేస్తారని నాకు తెలియదా? ఇది నీళ్లకెళ్లే పడవయ్యా అని ఒక్క ముక్క చెప్పలేదు. నేల మీద పెడితే నీళ్లలో సగం మునిగినట్టు కనబడాలని వాళ్లు అడుగంతా రంపంతో కోసేశారు.

ఆయన తిరిగొచ్చి, కోసిన అంచు వెంట చెయ్యి పోనిచ్చి, "కోత మాత్రం తిన్నగా ఉందే" అన్నారు, అంతే. మళ్లీ పడవ ఊసెత్తలేదు. నాలుగేళ్లకి ఆయనే పోయారు.

ఇప్పుడు సినిమా వాళ్లు సముద్రాన్నీ పడవల్నీ కంప్యూటర్లోనే పుట్టిస్తున్నారట. పిల్లలు కూడా ఎవరి సరదా వాళ్లు నోరు తెరిచి చెప్పుకుని, వెళ్లి తీర్చుకుని వస్తున్నారు. మా ఈడు వాళ్లకి ఆ అలవాటేదీ? మూడేళ్లూ ఆ పడవ పక్కనుంచే చీర ఎత్తి పట్టుకుని నడిచాను గాని, ఆ ఒక్క రాత్రి నీళ్ల మీద ఏం చూద్దామనయ్యా నీకు అని ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవారే.