చల్లటి మణికట్టు మీద అంబర్ అత్తరు

మా బావ నలభై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. బావ వరస కానివాళ్ళు కూడా ఆయన్ని ఐసుబావ అనే పిలిచేవారు. ఓసారి ఆయన్ని కుట్టిన దోమ జలుబు చేసి మూడు రోజులు మూలుగుతూ మంచాన పడింది. నా మనవలు ఈ సంగతి నమ్మరు. దోమను వదిలెయ్యండి, బావ చేతుల చల్లదనం మాత్రం నిజం.

పెళ్ళయిన కొత్తలో బావకంటే ముందు ఆయన ఒంటిమీది, ఐసు కట్టించే అమోనియా ఘాటు ఇంట్లోకి వచ్చేది. మా అక్క ముక్కు మూసుకునేది. సిగ్గుపడి ఆయన ఓ ముసలి అత్తరు వ్యాపారి దగ్గర అంబర్ సీసా తెచ్చుకున్నాడు. చిక్కటి నూనె, ముదురు తేనె రంగు. రాసిన వెంటనే ఏమీ తెలియదు. ఒంటి వేడి తగిలాకే లేస్తుంది. మొదట కాస్త తియ్యగా, తర్వాత ఎండలో పెట్టిన పాత చెక్కపెట్టె మూత తీసినట్టు, చివరికి ఉన్ని దుప్పట్లోంచి అప్పుడే లేచిన మనిషి మెడలా.

బావ ఒంట్లో ఆ వేడి ఉంటేగా. అందుకని సాయంత్రం మణికట్టు మీద ఒక్క చుక్క పెట్టుకుని చెయ్యి చాపేవాడు. అక్క దాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వాసన లేచేదాకా కూర్చునేది. దెబ్బలాడుకున్న రోజుల్లో బావ ఏ వాసనా లేకుండా తిరిగేవాడు. వీధంతటికీ సంగతి తెలిసిపోయేది.

అరవై దాటాక అక్కకు మతిమరుపు వచ్చింది. ముందు తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది, తర్వాత ఇంటి దారి, తర్వాత మమ్మల్ని. బావ ముఖం కూడా పోయింది. అత్తరు ఒక్కటే మిగిలింది. ఆయన మణికట్టు ముక్కు దగ్గర పెడితే, "వచ్చారా" అని నోరు తెరిచేది. ఆ వాసన లేని చేత్తో ఎవరు పెట్టినా ఒక్క చెంచా కూడా మింగేది కాదు.

ఇంతలో అత్తరు వ్యాపారి పోయాడు. వేరే దుకాణాల్లో కొన్న అంబర్‌ను అక్క విదిలించి కొట్టింది. పాతది అర సీసా మిగిలింది. బావ కొంచెం బుడ్డిలోకి ఒంపుకుని, మిగతాది సీసాతో సహా ఫ్యాక్టరీలోని నీళ్ళ డబ్బాలో దించి గడ్డకట్టించాడు.

"ఈ ఎండలకు ఎగిరిపోతుంది బామ్మర్దీ. ఐసులో ఉంటే పదేళ్ళయినా కదలదు."

"చేపనుకున్నావా బావా?"

"కోతలు నువ్వు కొయ్యి. ఐసు సంగతి నాకొదిలెయ్."

బుడ్డి అయిపోయిన రోజు పొద్దున్నే ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్ళాం. డబ్బాలోంచి దిమ్మ బయటికి తీశాడు. లోపల సీసా నిలువునా పగిలి ఉంది. ఐసు పొడుగునా పసుపు చారలు. "నిండా నింపకండ్రా, గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఒళ్ళు విరుచుకుంటాయి" అని కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ తిట్టిన మనిషి, ఆ నీళ్ళ మధ్య గాజుసీసా పెట్టాడు.

బావ దిమ్మ పగలగొట్టాడు. సగం ముక్కలు జారి కాలవలో పడ్డాయి. మిగిలినవి బేసిన్‌లో వేసి, త్వరగా కరగాలని ఉత్త చేతులతో కలుపుతూ కూర్చున్నాడు. పైకి తేలిన నూనె బొట్లను నేను దూదితో అద్ది తీశాను. నాలుగైదు చుక్కలు దక్కాయేమో.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కింటావిడ జావ గిన్నె పట్టుకుని దిక్కులు చూస్తోంది. అక్క పొద్దున్నించీ ఏమీ ముట్టలేదు. బావ దూదిని మణికట్టుకు రుద్దుకుని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నీలంగా ఉంది. వాసనేమీ లేవలేదు.

"ఎవరండీ మీరు?" అని అక్క ముఖం తిప్పుకుంది.

బావ గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. నేను దిండు సర్దుదామని వంగాను. అక్క నా చెయ్యి గబుక్కున పట్టుకుని, దూది అద్దిన వేళ్ళను వాసన చూసింది.

"వచ్చారా? చేతులు ఇవాళ వెచ్చగా ఉన్నాయే. ఆ ఐసు పని మానేశారా?"

నేను బావ వైపు చూశాను. తినిపించమని కళ్ళతోనే చెప్పాడు. ఒక చెంచా పెట్టాను. మింగింది. రెండోది కూడా.

"ఆ గుమ్మంలో ఎవరండీ?"

చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా మోకాళ్ళు కాయలు కాశాయి. అలాంటి నాకు ఆ పూట ఒక్క అబద్ధమూ దొరకలేదు. బావే చెప్పాడు.

"నేనక్కా. నీ తమ్ముణ్ణి."

అక్క పెదవి విరిచింది. "వాడా. వాడి మాటలు నమ్మకండి. పుట్టినప్పటినుంచీ అన్నీ కోతలే."

బావ అవునన్నట్టు తలూపాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడవారగా చతికిలపడ్డాడు.

గిన్నె ఖాళీ అయిన చాలాసేపటికి ఆయన మణికట్టు మీది అత్తరు లేచింది. మెల్లగా గదంతా నిండింది. అప్పటికే అక్క నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.