అన్నం మానేసిన బావ, గోళీలు మానొద్దన్న నేను

బావ అన్నం మానేశాడని అక్క ఫోన్లో చెబితే నమ్మలేదు. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడే మనిషి, ఏళ్లుగా షుగర్ ఉన్నవాడు. కార్ఖానాలో అందరిదీ అదే పాట: కొబ్బరినూనె తాగు, చికెన్ సూపు తాగు, బియ్యం, జొన్న ముట్టకు, షుగర్ మందు గోళీలు బంద్ పెట్టు.

నేను కాలేజీలో ఆహారశాస్త్రం చదివినదాన్ని. వాదన దొరికితే వదలను. ఆదివారం కరీంనగర్ నుంచి బస్సెక్కి పోయాను. బావ పొట్ట తగ్గింది, మనిషి తేలికపడ్డాడు. ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. కిడ్నీలూ కాలేయమూ అంటూ గంటసేపు దులిపాను.

"నువ్వు పుస్తకం జూసి చెప్తున్నవ్ మరదలా, నేను షుగర్ మీటర్ జూసి చెప్తున్న."

"మీటరేమన్న నీ బామ్మర్దా బావా, ఎప్పటికి నువ్వన్నట్టే ఇననీకి?"

అక్క నవ్వింది. నేను నవ్వలేదు. ఏమన్నా తిను, గోళీలు మానితే మాత్రం నీ గడప తొక్కనన్నాను. సరేనన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. కార్ఖానావాళ్ల మాటా కాదనలేదు, నా మాటా కాదనలేదు. అన్నం లేదు, గోళీలు మాత్రం ఎప్పటిలాగే రెండు పూటలా.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క ఫోన్. బావ చెమటతో తడిసి ఇంటికొచ్చాడట, మాట ముద్దగా వస్తోందట. వెంటనే చక్కెర నోట్లో పెట్టమన్నాను.

"ఇంట్ల ఎక్కడిదే? చక్కెర, బెల్లం అంత ఆయనే పక్కింటోళ్లకు ఇచ్చిండు."

ఆమె పక్కింటికి ఉరికిన అడుగులు ఫోన్లో వినబడ్డాయి. తర్వాత గ్లాసులో చక్కెర కలుపుతున్న చెంచా చప్పుడు. ఆఖరికి బావ దగ్గు వినబడింది.

సాయంత్రానికి బావను చేర్పించిన ఆసుపత్రికి చేరాను. అన్నం తగ్గించడం తప్పు కాదన్నాడు డాక్టర్. తిండి అంత మారినప్పుడు మందు మోతాదు తనను అడిగి మార్చుకోవాలి, పాత లెక్కనే మింగితే షుగర్ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుందన్నాడు. అట్లా మింగమని ఎవరు చెప్పారని అడిగాడు.

బావ గోడవైపు చూశాడు. "ఎవలు చెప్పలే సారు. నేనే మర్సిపోయి ఏసుకున్న."

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ గంటసేపట్లో, ఏ గోళీ ఎంత వేసుకుంటున్నావు బావా అని ఒక్కసారైనా అడగలేదు.

"కాదు సారు, నేనే చెప్పిన."

డాక్టర్ తిట్టలేదు. చీటీలో ఒక గోళీ కొట్టేసి, రెండోది సగం చేసి, అక్కకు చదివి వినిపించమని నా చేతికిచ్చాడు. చదివాను. అర్థమైందా అక్కా అని అడిగి, మళ్లీ చదివాను.