ఒడిలో నారు, పక్కన మేకపిల్ల

మర్రిగూడ బస్సులో ఒకే సీటు మీద ఉన్నవాళ్లం: నేను, పేరు తెలియని ఒక పెద్దాయన, ఆయన ఒడిలో నెల రోజుల మేకపిల్ల. నా ఒడిలో మా పెరట్లో నాటాల్సిన నారు ట్రే. పన్నెండు టమాట, ఎనిమిది వంకాయ, నాలుగు తులసి, మొత్తం ఇరవై నాలుగు మొక్కలు. రెండుసార్లు పోసిన నారు కుళ్లిపోయాక మూడోసారికి దక్కినవి.

బస్సు కిక్కిరిసి ఉంది. లేచి నిలబడే వీలు కూడా లేదు. మేకపిల్ల మెడ సాచి టమాట ఆకును వాసన చూసింది.

"పెద్దయ్యా, జర గట్టిగ పట్టుకో!" అన్నాను.

"గట్ల జడుస్తవేంది తమ్మీ, ఇది పులిపిల్ల కాదు. పొద్దుగాల దీని తల్లి సచ్చింది. మా బిడ్డ ఇంట్ల ఈనిన మేక ఉన్నది. ఆడిదాంక పానం నిలవాలె."

"మరి నా నారు?"

ఆయన తన చూపుడువేలు దాని నోట్లో పెట్టాడు. అది చప్పరించసాగింది. బస్సు కుదిపినప్పుడల్లా వేలు జారేది, దాని మూతి ట్రే అంచుకు తగిలేది. ఆయన మళ్లీ వేలు అందించేవాడు. కాసేపటికి వేలి మీద రక్తం కనిపించింది.

"కొరుకుతాంది, తియ్యి పెద్దయ్యా."

"తీస్తె ఏడుస్తది. పాలే అనుకుంటాంది. ఊరు జేరేదాంక గట్లనే అనుకుంటె సాలు."

చివరికి చప్పరింపు ఆగింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని కూతురి ఊరి స్టేజీలో దిగాడు. అది నిద్రపోయిందో, ఇంకేమైనా అయిందో కిటికీలోంచి నాకు తెలియలేదు.

ఇంట్లో ట్రే దించి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు మొక్కలున్నాయి.