ఉరి తర్వాత నవ్వు షాట్

సినిమాల్లో నన్ను చాలాసార్లు ఉరితీశారు. ఫిల్మ్‌నగర్ కొండమీద స్టూడియోలో జైలు సెట్టు పడిందంటే చాలు, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు బోరబండలో నేను అద్దెకుండే గదికి కబురు పంపేవాడు. ఎనభైల చివరి మాట ఇది. కృష్ణ ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరికి అవతల విసిరేసినట్టుండే మా పేట. అక్కణ్ణుంచి విలన్ వేషాలు వేద్దామని వచ్చాను. ఆ వేషాలన్నీ బొంబాయి నుంచి దిగిన తెల్లటి, ఎత్తయిన మనుషులు పట్టుకుపోయారు. నాకు ఉరికంబం మిగిలింది.

కథ ఎప్పుడూ ఒకటే. చెయ్యని నేరానికి హీరోకి ఉరిశిక్ష పడుతుంది. జనానికి భయం పుట్టాలి కాబట్టి ముందు ఇంకో ఖైదీని ఉరితీస్తారు. ఆ ఖైదీని నేను. హీరో మెడకి తాడు తగిలించేలోపు ఎవరో ఒకరు సాక్ష్యం పట్టుకుని కారులో వచ్చిపడతారు. నాకోసం ఏ సినిమాలోనూ ఏ కారూ రాలేదు. అసలు నేనేం నేరం చేశానో కూడా ఏ రైటరూ రాసిన పాపాన పోలేదు.

నేను పుట్టు నలుపు. చీకట్లో నీ పళ్ళు చూసి గుర్తుపడతానురా అని మా అమ్మే ఆటపట్టించేది. అది చాలదన్నట్టు మేకప్ ఆయన బుగ్గలకీ నుదుటికీ ఇంకో పూత నల్లరంగు పూసేవాడు. ఒకసారి ఒళ్ళు మండి కో-డైరెక్టర్ని అడిగాను. శ్రీనగర్ కాలనీలో ఉండేవాడు, చదువుకున్నవాడు, నిజానికి మంచి మనిషి. ఉరి పడేవాడంటే జనం మనసులో ఒక రూపం ఉంటుందయ్యా, చూడగానే వీడు చేసే ఉంటాడనిపించాలి, నీది దేవుడిచ్చిన ముఖం అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడాయన!

సినిమావాళ్ళకో ఆనవాయితీ ఉంది. చచ్చిపోయే సీను తీశాక, ఆ అశుభం నటుడికి తగలకుండా, కెమెరా మళ్ళీ తిప్పి అతను నవ్వుతుండగా ఒక షాట్ తీస్తారు. అది సినిమాలో ఉండదు. దిష్టి తీసినట్టు, అంతే. హీరోకి తీస్తారు, హీరోయిన్ తండ్రికి తీస్తారు. పేరున్న కమెడియన్ శవంలా పడుకుంటే ఆయనకీ తీస్తారు. నేను ఎన్నిసార్లు వేలాడినా నాకు తియ్యలేదు. ఖైదీ బట్టలు విప్పిచ్చి టీ దగ్గర నిలబడటమే. నాకూ అప్పట్లో పట్టింపు లేదు.

తొంభైల మొదట్లో మా బావమరిదికి నిజంగానే ఉరిశిక్ష పడింది.

మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. మా ఊరి మోతుబరిని పొగాకు చేలో ఎవరో నరికి చంపారు. అంతకు కొద్దిరోజుల ముందే కూలి దగ్గర మావాడికీ ఆయనకీ మాటా మాటా పెరిగింది. కాపలావాడు మునిమాపు వేళ ఒక నల్లటి మనిషి పారిపోతుండగా చూశానన్నాడు. తర్వాత కోర్టులో మావాణ్ణి చూపించాడు. నేను చెయ్యలేదక్కా అన్నాడు మావాడు. మేం నమ్మాం.

కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. అదే కోర్టులో ముందు ఏడాది సొంత తమ్ముణ్ణీ మరదల్నీ చంపిన పెద్దింటాయనకి జీవితఖైదుతో సరిపెట్టారు. ఆయన ముఖంలో పశ్చాత్తాపం కనబడిందట. మావాడి ముఖంలో కనబడలేదట. ఈ మాటలు తీర్పుల్లోనే ఉన్నాయని మధురానగర్‌లో ఉండే మా లాయరు చదివి చెప్పాడు. ముఖంలో కరుకుదనం కనబడాలి అని నాకు సెట్లో చెప్పేవాళ్ళు. మావాడికి ఎవరూ చెప్పలేదు. అది వాడి మామూలు ముఖం.

లాయరు ఇక్కడి మనిషే, నిమ్మళంగా మాట్లాడేవాడు. "కింది కోర్టు ఉరి అన్నా హైకోర్టు ఖాయం జేస్తెనే ఉరి," అన్నాడు. "నల్లగున్నడు అన్నది సాక్ష్యం గాదు. ఫికర్ చెయ్యకుండ్రి, కొట్లాడుదం."

హైకోర్టులో వాదనలు మొదలయ్యే వారంలోనే ఏజెంటు నుంచి కబురు వచ్చింది. మళ్ళీ ఉరి సీను. నేను వెళ్ళనన్నాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టింది.

"వెళ్ళండి. లాయరుగారి దగ్గరికి వట్టి చేతుల్తో ఎన్నిసార్లు వెళ్తాం? కానీ ఆ నవ్వు షాటేదో తీయించుకోకుండా మాత్రం ఈ గడప తొక్కొద్దు. మీ మీద పడ్డ అశుభం తిన్నగా వాడిమీదకే పోతుంది."

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆవిడ కళ్ళు చూశాక నమ్మకం సంగతి పక్కనపెట్టి సరేనన్నాను.

ఆరోజు ముందు హీరోగారి సీను తీశారు. తాడు ఆయన మెడకి ఊరికే ఆనించారు, అంతలో కారు వచ్చేసింది. ఆయన చావను కూడా లేదు. అయినా నవ్వు షాట్ తీశారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నన్నెక్కించారు. చొక్కా లోపల బెల్టు కట్టి, వీపు వెనక తీగ తగిలించారు. ముఖానికి ముసుగు వేసి మెడకి తాడు తగిలించారు. కాళ్ళ కింద చెక్క జారింది. వేలాడుతూ ఆ ముసుగు చీకట్లో నేను మావాణ్ణి తలుచుకున్నాను. కాళ్ళు వాటంతటవే కొట్టుకున్నాయి. షాట్ అద్భుతం అన్నారు.

నన్ను పైకి లాగి నిలబెట్టి ముసుగు తీశారు. తీగ విప్పడానికి ఒకతను వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"నవ్వు షాట్ తీస్తే దిగుతాను," అన్నాను.

అందరూ నవ్వారు. కో-డైరెక్టర్ కూడా నవ్వి, అది పెద్ద ఆర్టిస్టులకయ్యా, నీకు ఫిల్మెవడు తగలేస్తాడు, భోజనాల వేళయింది దిగు అన్నాడు.

"చచ్చింది నేను కదండీ. ఆయన చావలేదు."

నవ్వులు కొంచెం తగ్గాయి. ఏజెంటు కిందనుంచి గుడ్లురిమాడు, రేపట్నుంచి నీకు షూటింగుండదు అన్నాడు. లేకపోతే మానె, రైలు స్టేషన్లో మూటలు మోస్తాను, కిందికి మాత్రం దిగను అన్నాను. మెడలో తాడు అలాగే ఉంచుకుని, మా బావమరిదికి పడిన శిక్ష ఏమిటో, హైకోర్టులో ఏం తేలాల్సి ఉందో అక్కడే అందరికీ చెప్పాను. పైన దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా వింటూ ఉండిపోయారు.

కో-డైరెక్టర్ నావైపు చూడలేకపోయాడు. కెమెరామన్‌ని చూసి తలూపాడు. కెమెరా తిరిగింది.

తీరా చూస్తే నాకు నవ్వు రాలేదు. నవ్వవయ్యా, ఫిల్మ్ అయిపోతోంది అంటున్నాడు పాపం. పెదాలు సాగదీశాను. పళ్ళు బయటపెట్టాను. కళ్ళవెంట నీళ్ళు కారి నల్లరంగు చారలు కట్టింది. అయినా నవ్వాను. కెమెరా ఆగేదాకా నవ్వాను.

హైకోర్టు ఉరిశిక్ష రద్దుచేసి జీవితఖైదు వేసింది. మా ఆవిడ నవ్వు షాట్ వల్లే అంది, నేను లాయరు వల్లే అన్నాను. ఆ మాటమీద మేం ఇప్పటికీ పోట్లాడుకుంటాం. ప్రాణం దక్కిందని ఆవిడ ఏడ్చింది. విడుదల చెయ్యలేదని నేను ఏడ్చాను. ఆ కేసు మేం అంతటితో వదల్లేదు, పై కోర్టు దాకా పోయాం. అది వేరే కథ.

జైలుకి ములాఖత్‌కి వెళ్ళి ఈ షూటింగు సంగతంతా మావాడికి చెప్పాను. ఊచల అవతల కూర్చుని శ్రద్ధగా విన్నాడు. ఏజెంటు గుడ్లురిమిన దగ్గర నవ్వాడు కూడా. తర్వాత నా బుగ్గలకేసి చూశాడు.

"నీకు నల్లరంగు నిజంగా పూస్తారా బావా?"

"పూస్తారు."

"ఇంక పూయించుకోకు," అన్నాడు. "కాపలావాడూ సినిమాలు చూస్తాడు. జడ్జిగారూ చూస్తారు."

ఏజెంటు చెప్పినట్టు నాకు షూటింగులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, ఉరితీయడానికి నాకంటే బాగా ఎవడూ దొరకలేదు మరి. ఆ తర్వాత వచ్చిన మొదటి సీనుకి మేకప్ ఆయన అలవాటుగా డబ్బా తెరిచి, వేలితో నల్లరంగు తీసి నా బుగ్గ దాకా తెచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"మూత పెట్టెయ్యండి," అన్నాను. "జైల్లో మావాడున్నాడు."