కొరియావాళ్ల కోసం చేయించిన మంచం

మా మేడమీద ఒక డబుల్ కాట్ మంచం ఉంది. టేకుది, తలవైపు చెక్కిన పువ్వులు కూడా ఉన్నాయి. ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, వేసవి వస్తే మా ఆవిడ దానిమీద వడియాలు పెడుతుంది. ఇంతవరకూ ఒక్క మనిషీ దానిమీద పడుకోలేదు. చూసిన ప్రతివాడూ ఇంత మంచి మంచం ఇక్కడెందుకుందని అడుగుతాడు. లోపల చోటు లేదంటాను. అది అబద్ధం. అసలు సంగతి రాయడానికి మాత్రం నాకు భయం లేదు, ఎందుకంటే మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మేము పుదుచ్చేరిలో మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్లం. తాత మిల్లులో చేశాడు, నాన్న మిల్లులో చేశాడు, నేను ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా అరిగిపోతున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అందులో సగం అరవం. అక్షరాలు మాత్రం యానాం నుంచి కోడలుగా వచ్చిన మా అమ్మ చెవి మెలిపెట్టి మరీ నేర్పింది. నేను నా కూతురికి నేర్పబోతే "ఏంది నాయినా, ఇది పరీక్షలో వస్తుందా?" అంది. అదే పిల్ల సెల్‌ఫోనులో కొరియా సీరియళ్లు చూసి చూసి రెండు వారాల్లో కొరియా అక్షరాలన్నీ పట్టేసింది. దాని చెవి ఎవరూ మెలిపెట్టలేదు.

కదిర్కామంలో మా ఇంటి కింది భాగంలో ఒక అత్త అద్దెకుండేది. మాకు చుట్టం కాదు, వీధంతా ఆమెను అత్త అనే పిలిచేది. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా, తట్టాంచావడి వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం క్యారియర్లు కట్టి బతికేది. వెనక వసారాలో ఆమె రుబ్బురోలు. ఇంట్లో గ్రైండరున్నా పచ్చడి మాత్రం ఆ రోట్లోనే రుబ్బేది, ఆ చప్పుడుతోనే మాకు తెల్లవారేది. మా అమ్మ చివరి రోజుల్లో మంచాన పడితే, జావ కాచి చెంచాతో తాగించింది ఈ అత్తే. ఇది ముందే చెప్పేస్తున్నాను. తరవాత నేను చేసిన పని చదివి నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

చెన్నై దగ్గరి కార్ల ఫ్యాక్టరీలకు సామాన్లు చేసే ఒక కంపెనీ తట్టాంచావడిలో షెడ్డు తీసుకుంది. మిషన్లు బిగించడానికి కొరియా నుంచి ఇంజనీర్లు కుటుంబాలతో దిగుతున్నారని ఒక పొద్దున పాల ప్యాకెట్లతోపాటే వార్త వచ్చింది. అంతే, మా వీధికి పూనకం పట్టింది. ఒక్క కొరియా మనిషీ దిగకముందే మూలకొట్టాయన కొరియా నూడుల్స్ ప్యాకెట్లు దండలుగా వేలాడదీశాడు. బ్యూటీ పార్లరమ్మాయి బోర్డుమీద 'కొరియా మెరుపు' అని రాయించింది. బియ్యం కడిగిన నీళ్లు రాస్తే మొహం అద్దంలా మెరుస్తుందని ఎవరో చెప్పారు. అప్పటిదాకా ఆ నీళ్లు మేము పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసేవాళ్లం. నెల తిరిగేసరికి చెట్టు ఎండిపోయింది, మా ఆవిడ మొహం మాత్రం ఎలా ఉన్నదో అలాగే ఉంది. తెలుగులో రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా రాశాను.

తరవాత బ్రోకరు వచ్చాడు. "సార్, కొరియావోళ్లు ఇప్పుడొచ్చే దానికి మూడింతలు వాడిగ ఇస్తారు, బేరమే లేదు. కింద పోర్షను ఖాళీ చేపిచ్చి పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. వాడిగంటే మా అరవంలో అద్దె.

నేను మర్యాదస్థుణ్ణి కాబట్టి రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఎదురింటాయన తన ఇంటి కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీని పంపించేశాడు. నలుగురితో నారాయణా అనుకుని నేనూ అత్త దగ్గరికి వెళ్లాను. గోడలు చెమ్మ పట్టాయి, రిపేరు చేయించాలి, ఈ చెమ్మలో ఉంటే నీకు ఆయాసం వస్తుంది అని, ఆమె మేలుకోరి వచ్చినవాడిలా చెప్పాను. ఆమె తల తిప్పి గోడ చూసింది. గోడ రాయిలా ఉంది.

"ఈ వయసులో యాడికి పోయేది?" అంది మొదట. కాసేపటికి తానే, "సరే నాయనా. కిరుమాంబాక్కంలో చెల్లెలి కూతురు ఉండాది. ఇల్లు నీది గదా, నేనేం చెప్పేది?" అంది.

రెండు ట్రంకు పెట్టెలు, గిన్నెలు, ఒక టెంపో. రోలు బరువని వదిలేసింది. కడలూరు రోడ్డు మీది ఆ పల్లెనుంచి తట్టాంచావడికి మధ్యాహ్నం క్యారియర్లు వేడివేడిగా తేవడం ఎవరివల్లా కాదు. అంటే ఆమె పొయ్యి అక్కడితో ఆరిపోయినట్టే. అది నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం ఒక విద్య, ముప్పై ఏళ్ల గుమాస్తాగిరీలో నాకు బాగా అబ్బింది.

ఇక ఇల్లు తయారుచేయాలి. పుదుచ్చేరిలో పుట్టినవాడికి విదేశీయుడంటే మనసులో మెదిలేది ఒక్కడే, సముద్రం ఒడ్డు వీధుల్లో టోపీ పెట్టుకుని తిరిగే ఫ్రెంచి దొర. దొరకు కుర్చీ కావాలి, బల్ల కావాలి, ఎత్తు మంచం కావాలి, నేలంటే ఆయనకు బూటు తుడుచుకునే చోటు. కొరియా దొర మాత్రం వేరే ఎలా ఉంటాడు? బయటి గోడకు ఆ వీధుల్లోలాగే పసుపు రంగు, తెల్ల అంచు వేయించాను. ఆరు కుర్చీల డైనింగ్ టేబులు, సోఫా, గది నిండా తివాచీ కొన్నాను. మంచం ప్రత్యేకంగా వడ్రంగికి చెప్పి చేయించాను. రోలును పారేయిద్దామంటే ఇద్దరు కూలీలు దాన్ని కదపలేక, సాయంత్రం దాకా టీలు తాగి వెళ్లిపోయారు. చేసేది లేక దానిమీద పూలకుండీ పెట్టాం.

వచ్చినవాళ్లు ఇద్దరే, యాభై దాటిన ఇంజనీరు, ఆయన భార్య. సీరియల్లో వానలో గొడుగు పట్టుకుని నడిచే కుర్రాడు దిగుతాడనుకుని మా అమ్మాయి కొత్త చుడీదారు వేసుకుని గుమ్మంలో నిలబడింది. కారు దిగినాయనకు బట్టతల, ముందుకు చిన్న పొట్ట, చొక్కా జేబులో రెండు పెన్నులు. అచ్చం మా ఆఫీసు సూపరింటెండెంటు. పిల్ల ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఇద్దరూ గుమ్మం బయటే చెప్పులు విప్పారు. తివాచీ చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు ఆవిడ ఫోనులో తన భాషలో ఏదో చెప్పింది, ఫోను దాన్ని తమిళంలో పలికింది. తివాచీ తీసేయాలట. ఆ మర్నాడు సోఫా. వారం తిరిగేసరికి డైనింగ్ టేబులూ, మంచమూ. వాళ్లు నేలమీద పరుపు పరుచుకునే పడుకుంటారు, నేలమీదే పొట్టి బల్ల ముందు బాసింపట్టు వేసుకుని తింటారు. దొర కోసమని నేను గడప దాటించిన నేలమీది బతుకంతా వాళ్లు విమానంలో మోసుకొచ్చి మళ్లీ నా ఇంట్లోనే పెట్టారు. "దాన్ని నా కంటికి కనపడనీయొద్దు," అని మా ఆవిడ అరిస్తే, మంచం కాళ్లు ఊడదీసి మేడమీదికి ఎక్కించాం. అదీ దాని కథ.

తరవాత వాసన మొదలైంది. కొరియావిడ పెరట్లో క్యాబేజీలు ఉప్పునీళ్లలో నానేసి, కారం, వెల్లుల్లి, అల్లం, చేపల రసం పట్టించి డబ్బాల్లో ఊరేసింది. నాలుగో రోజుకు ఆ వాసన వీధి చివరి కొళాయి దాకా వెళ్లింది. ప్రతి మేడమీదా కరువాడు, అదే ఎండుచేపలు, ఆరేసుకునే వీధి మాది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదు కదా. ఎదురింటాయన చేతిలో ఎండుచేపల పొట్లం పట్టుకునే వచ్చి, "ఏంది సార్ ఈ కంపు, మనుషులు కాపురాలు చేయాల్నా వద్దా?" అని నన్ను నిలదీశాడు. ఆయన కింద పోర్షను అప్పటికీ ఖాళీగా ఉంది. ఒకవేళ అద్దెకు పోయుంటే ఆయనకది సంపెంగ వాసన అయ్యుండేది.

ఒకరోజు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి ఆవిడ పూలకుండీ దింపి రోలును పీచుతో కడుగుతోంది. నన్ను చూసి ఫోను ఎత్తింది.

"ఈ రాయి ఎవరిది? వాళ్లెక్కడ?" అంది ఫోను.

ముందు అద్దెకున్న పెద్దావిడది, ఊరికి వెళ్లిపోయింది అన్నాను.

"ఎందుకు వెళ్లిపోయింది?"

ఫోనుకు మొహమాటం ఉండదు. గోడలు చెమ్మ పట్టాయని చెప్పాను. ఆవిడ కూడా తల తిప్పి గోడ చూసింది.

షెడ్డులో పనిచేసే కొరియా కుటుంబాలన్నిటికీ ఆవిడే ఊరగాయ పెడుతుందట, మిక్సీలో కారం రుచి చెడుతోందట, రోట్లో రుబ్బగలిగిన మనిషి కావాలట. కంపు అని ముక్కు మూసుకున్న వీధి ఆడవాళ్లంతా జీతం మాట వినగానే ముక్కు వదిలేసి మా పెరట్లో బారుకట్టారు. పొత్రం ఎవరికీ లొంగలేదు. మా ఆవిడ పది తిప్పులు తిప్పి వారం రోజులు నడుం పట్టుకుంది. చివరికి నేను కిరుమాంబాక్కం బస్సెక్కాను.

అత్త చెల్లెలి కూతురింటి వసారాలో కూర్చుని ఉంది. పక్కన చుట్టిపెట్టిన చాప, గోడ పక్కన ఆమె రెండు ట్రంకు పెట్టెలు. లోపల వంట అవుతోంది, ఎవరైనా పిలుస్తారని ఆమె ఎదురుచూస్తోంది. ఇరవై ఏళ్లు ఊరికి అన్నం కట్టిపంపిన మనిషి అన్నానికి పిలుపు కోసం కూర్చోవడం నేను చూశాను. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే వచ్చిన పని చెప్పాను. ఆమె మొదటి బస్సు ఎన్నింటికని మాత్రం అడిగింది. మర్నాటినుంచి రెండు బస్సులు మారి వచ్చి, తన ఇంట్లోనే పనిమనిషిగా చేరింది.

కొరియావిడ మాత్రం ఆమెను పనిమనిషిలా చూడలేదు. మంచినీళ్లు ఇచ్చినా రెండు చేతులతో ఇచ్చేది. ఇంజనీరు ఇంట్లో ఉంటే, అత్త గడపలో అడుగుపెట్టగానే లేచి నడుం వంచేవాడు. వయసులో పెద్దది కాబట్టి అట్లా చేస్తారని మా అమ్మాయి చెప్పింది. చేతులు జోడించడమంటే ఎన్నికలప్పుడు మాత్రమే చూసిన వీధి మాది, కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడాదిన్నరకు మిషన్లు బిగించడం పూర్తయింది. ఇంజనీరును వెనక్కి పిలిచారు. ఆయన స్థానంలో వచ్చేవాడు ఒంటరివాడు, గెస్ట్‌హౌసులో ఉంటాడట. మూడింతల అద్దె ఇచ్చే మనిషి ఇక దొరకడు. అప్పుడు నాలో ధర్మరాజు మేలుకున్నాడు. అత్తను పాత అద్దెకే మళ్లీ ఉండమందామనుకున్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆమె ఇంటినే ఆమెకు దానం చేయబోతూ, ఆ మాట ఎంత ఘనంగా చెప్పాలా అని అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూశాను.

వెళ్లేముందు ఆదివారం మధ్యాహ్నం వాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు. పొట్టి బల్ల చుట్టూ నేలమీద కూర్చున్నాం. నా మోకాళ్లు పెట్టిన మొర నాకే వినపడింది. అన్నం, పులుసు, ఊరగాయ, చేప అన్నీ వడ్డించారు. గోడ వైపు మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఎవరూ మొదలుపెట్టలేదు. ఇంటి యజమానిని, ముఖ్య అతిథిని, నా కోసమే ఆగారనుకున్నాను. చెంచా తీసి పులుసు జుర్రాను.

మా అమ్మాయి నా చెవి దగ్గర, "నాయినా, అందరికన్నా పెద్దోళ్లు చెంచా ఎత్తినాకే తినాల. అత్త కోసం ఉండారు వాళ్లు," అంది.

అత్త వంటింట్లోంచి ఊరగాయ గిన్నెతో వచ్చింది. ఇంజనీరు లేచి నిలబడి ఆ ఖాళీ చోటు చూపించాడు. ఆమె కూర్చుని, నోట్లో చెంచాతో ఆగిపోయిన నన్ను చూసింది.

"తిను నాయనా," అంది. "ఇల్లు నీది గదా."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉండుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఏం చేయాలో తోచక, అద్దం ముందు దిద్దుకున్న మాట అప్పుడే బయటపెట్టేశాను. "అత్తా, పాత అద్దెకే నువ్వు మళ్లీ ఇక్కడికొచ్చేయ్."

ఆమె చెంచా ఎత్తి ఒక ముద్ద తింది. అందరూ తినడం మొదలుపెట్టారు. అప్పుడు అడిగింది.

"గోడల్లో చెమ్మ ఆరిందా నాయనా?"

ఆమె రాలేదు. కొరియావిడ వదిలివెళ్లిన బల్లా, డబ్బాలూ పెట్టుకుని కిరుమాంబాక్కంలోనే వేరే గది తీసుకుంది. షెడ్డులో మిగిలిన కుటుంబాలకు అక్కడినుంచే ఊరగాయ పంపుతోంది. మా గేటుకు అద్దెకివ్వబడునన్న బోర్డు తమిళంలోనూ, మా అమ్మాయి చేతిరాతతో కొరియా అక్షరాల్లోనూ వేలాడుతోంది. అడిగినవాడు లేడు.

వెళ్లేముందు రోజు ఇంజనీరు షెడ్డునుంచి నలుగురిని తీసుకొచ్చి, తనూ ఒక చెయ్యి వేసి, రోలును ఎత్తి అత్త కోసం టెంపోలో పెట్టించాడు. టెంపో వెళ్లాక నేను వెనక వసారాలోకి వెళ్లాను. రోలు ఉన్నచోట నేలమీద గుండ్రంగా నల్లటి మచ్చ ఉంది. వంగి చెయ్యి పెట్టి చూశాను. ఇల్లంతటిలో చెమ్మ ఉన్నది అక్కడొక్కచోటే.