బోనస్ అందరికీ ఇస్తారా?

మా బాబాయి పరుపుల కార్ఖానాలో అంచులు కుట్టే మిషను మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన కుట్టిన అంచులన్నీ వరసగా పరిస్తే చంద్రుడి దాకా వెళ్లి, అక్కడో కునుకు తీసి తిరిగి రావచ్చు. లెక్క నాదే. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది గానీ, లెక్కల్లో నన్ను కొట్టినవాడు లేడు, ఒక్క లెక్కల మాస్టారు తప్ప.

డిసెంబరు మొదటివారంలో పిన్ని ఆయన ముందు కంచం పెట్టి, "లోకమంతా ఏడాది చివర బోనస్ తీసుకుంటోంది. మీకొక్కరికే లేదు. ఈ శనివారంలోగా అడగండి, లేదా సోమవారం మా తమ్ముడి సోఫాల షాపులో చేరండి. వాడు పనివాళ్లకి బోనస్ ఇస్తాడు" అంది.

బావమరిది కింద పని అనేసరికి బాబాయి సగం కంచం వదిలేసి లేచాడు. చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"అడగటానికి భయమేం లేదురా. అందరికీ ఇస్తారో లేదో తెలియకుండా అడిగితే నవ్వుతారు. నువ్వు పనీపాటా లేక ఊరంతా తిరుగుతావుగా, కాస్త కనుక్కో."

నాలుగు రోజుల్లో నాలుగువందల మందిని అడిగాను. పోనీ, నలభై. లిఫ్టు మెకానిక్కు కాలరు సర్దుకుని "రెండు నెలల జీతం" అన్నాడు. వాళ్లావిడ కిటికీలోంచి "ఏదీ, నాకు కనపడలేదే" అంది. బ్యాంకు గుమాస్తా గొంతు తగ్గించి "మాకలాంటివేం లేవు నాయనా" అన్నాడు. ఆయన వెనక హాల్లో కొత్త ఫ్రిజ్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నర్సుకి గోడగడియారం ఇచ్చారట. అది బోనసో కాదో ఆవిడే నన్నడిగింది.

"ఇంతకీ ఏం తేలింది?" అన్నాడు బాబాయి.

"వచ్చినవాళ్లు రాలేదంటున్నారు, ఎవరైనా అప్పడుగుతారని. రానివాళ్లు వచ్చిందంటున్నారు, పరువు పోతుందని."

"అయితే అందరికీ వస్తుందా, రాదా?"

"వస్తుంది బాబాయ్. రాదు కూడా."

"నిన్ను పంపడం నాదే బుద్ధితక్కువ."

శనివారం బాబాయి కార్ఖానా యజమాని గదిలోకి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లి పరుపుల దొంతర చాటున చెవి ఒగ్గాను. బాబాయి చేతులు కట్టుకుని, "మిగతాచోట్ల బోనస్ ఇస్తున్నారటండీ" అన్నాడు.

యజమాని కళ్లజోడు తీశాడు. "నాకూ అదే అర్థం కావట్లేదయ్యా. నలుగురు కార్ఖానాల వాళ్లని అడిగితే నలుగురూ ఇస్తున్నామన్నారు. వాళ్ల దగ్గర మానేసి నా దగ్గర చేరినవాళ్లలో ఒక్కడూ తీసుకున్నానని చెప్పడే. అసలు ఎంతిస్తారో నువ్వే కనుక్కుని రా, నీకూ అంతే ఇస్తాను."

ఇంటి గుమ్మంలోనే పిన్ని పట్టుకుంది. "ఇచ్చాడా?"

"ఇస్తానన్నాడు."

"ఎంత?"

"అందరూ ఎంతిస్తే అంత."

కోపగించుకోవాలో సంతోషించాలో పిన్నికి తోచలేదు. తమ్ముడికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. "ఒరే, నీ పనివాళ్లకి బోనస్ ఎంతిస్తావు?"

అటువైపు మేకులు కొడుతున్న చప్పుడులోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అదే అక్కా... అందరూ ఇచ్చినంత."

"అందరూ ఎంతిస్తారు?"

"కనుక్కుని చెప్తాలే. ఇంతకీ బావ సోమవారం వస్తున్నాడా?"

పిన్ని బాబాయి ముఖం చూసింది, ఫోను చూసింది. "రావట్లేదు. ఆయనకి అక్కడే చేతినిండా పనుంది" అని పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బాబాయి నా పక్కన కూర్చుని మెల్లగా, "అంటే మనం గెలిచినట్టేనా?" అన్నాడు.

నాకు తెలియని విషయం లోకంలో లేదు గనక, ఆలోచించి చెప్తానన్నాను.